కుడిచేతి వాచీ

నేను విమానాలు చెయ్యను. విమానాల్లో ఎవరూ చూడని భాగాలు చేస్తాను. పెట్టెలో వచ్చే ప్లాస్టిక్ విమానాన్ని అతికించి, రంగులేసి, గాజు బీరువాలో పెట్టుకునేవాళ్ళు దేశమంతా ఉన్నారు. వాళ్ళలో కొందరికి పెట్టెలో వచ్చిన సీటు నచ్చదు. అది సీటులా లేదు, పీటలా ఉందంటారు. అలాంటివాళ్ళ కోసం అసలు కొలతలో ముప్పై రెండో వంతుకి సీటు, దాని మీద కుట్లు, పక్కన రంగు ఊడిన మీట, నడుముపట్టీలు, మీటర్ల పలక, ఆ పలకకి స్క్రూలు చేసి పోస్టులో పంపుతాను. పట్టీలు మందుబిళ్ళల అట్ట వెనక ఉండే రేకుతో చేస్తాను. వాటి కొక్కేలు పాడైపోయిన ఇయర్‌ఫోన్లలోని రాగితీగతో. అరసవల్లిలో లాడ్జీల వెనక సందులో మేడ మీద గది నాది. ఆదివారం గుడికొచ్చే ఆటోల గోలకి చెయ్యి నిలవదు. అందుకని ఆ రోజు సన్నపని ముట్టుకోను.

నా పనంటే నాకు గర్వం. దాచుకోవడం దేనికి? పలక మీద స్క్రూ ఒకటి తక్కువైతే నాకు అన్నం సయించదు. "అంత సన్నగా ఎవడు చూస్తాడు?" అని ఎవరైనా అంటే ఒళ్ళు మండుతుంది. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మా ఇంట్లో దెప్పుతారు. నేను మాత్రం ఫొటో తెచ్చి, భూతద్దం పెట్టి, మూడే ఉన్నాయని లెక్కపెట్టి చూపించే రకం.

ఈ వేళ్ళు నాకు మా నాన్నగారిచ్చినవి. ఆయన యాభై ఏళ్ళు నాగావళి ఒడ్డున అపరకర్మలు చేయించారు. పోయినవాళ్ళకి చేసే పనులు తప్ప ఇంకే పనికీ ఆయన్ని ఎవరూ పిలవలేదు. పొద్దున్నే ఎదురైతే జనం కాసేపు ఆగి మరీ బయల్దేరేవారు. దర్భపోచని మెలితిప్పి వేలికి ఉంగరంలా ముడి వెయ్యడం నాకు ఏడో ఏటే నేర్పారు. శుభకార్యానికైతే రెండు పోచలు, పోయినవాళ్ళ పనికి ఒంటిపోచ. మా ఇంట్లో రెండు పోచల ముడితో ఎవరికీ అవసరం పడలేదు. ఆ వృత్తి నాకొద్దని కొట్లాడి బయటపడ్డాను గానీ, నడుముపట్టీని కొక్కేనికి మెలివేసేటప్పుడు నా వేళ్ళు ఇప్పటికీ ఆ ఒంటిపోచ ముడే వేస్తాయి. చాలా ఏళ్ళు నేనది గమనించనే లేదు.

ఆ ఫోను దసరాలకి ముందు వచ్చింది. నాకు ఫోన్ చేసేవాళ్ళు పెద్ద ఊళ్ళవాళ్ళు, మాటకి ముందు ఇంగ్లీషు. ఈయన మన యాసే.

"మాస్టారూ, ఇమానంలో కుర్సీ సేసిస్తారంట గదా. పేపర్లో ఏసారని మా మేనకోడలు సెప్పినాది. మాది కళింగపట్నం దగ్గర. యెవసాయం."

వరి పండించే మనిషికి విమానం సీటెందుకని అడగబోయి ఊరుకున్నాను. వాళ్ళ తమ్ముడు రెండు సీట్ల చిన్న విమానం నడిపేవాడట. ఆ విమానం సీటు కావాలన్నాడు. చేసి పంపాను. చాలా బాగుందన్నాడు. తరవాత మీటర్ల పలక అడిగాడు. అదీ పంపాను. మూడోసారి ఫోన్ చేసి, "మాస్టారూ, కుర్సీలో మనిసిని కూకోబెట్టగలరా? మా తమ్ముణ్ణి" అన్నాడు.

మనుషుల్ని నేను చాలా తక్కువగా చేస్తాను. కానీ చెయ్యలేవా అన్నట్టు వినిపిస్తే నేను ఆగలేను. చేస్తానన్నాను.

నాన్నగారికి చూపు దాదాపు పోయింది. నా గదిలోనే, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని నేనేం చేస్తున్నానో అడుగుతూ ఉంటారు. ఆ రోజూ అడిగారు. చెప్పాను.

"ఆ మనిషి ఎక్కడున్నాడ్రా ఇప్పుడు?"

"లేడు. విమానాన్ని ఒక్కడే వేరే ఊరికి తోలుకెళ్తుంటే సముద్రం మీద కనపడకుండా పోయిందిట. ఒక్క చక్రం కొట్టుకొచ్చింది. ఇంకేం దొరకలేదు."

"ఎన్నేళ్ళయింది?"

"ఈ కార్తీకానికి పన్నెండు నిండుతాయిట."

నాన్నగారు చేతిలో జపమాల ఆపేశారు. "అయితే ఆయన నీ దగ్గర బొమ్మ కొనటం లేదురా" అన్నారు.

అప్పుడు చెప్పారు. మనిషి కనపడకుండా పోయి, శవం దొరక్కపోతే పన్నెండేళ్ళు చూస్తారు. అప్పటికీ రాకపోతే మూడు వందల అరవై మోదుగ కాడలు ఎముకలుగా పేర్చి, కొబ్బరికాయ తలగా పెట్టి, దర్భలతో మనిషిని కట్టి, ఆ బొమ్మని కాలుస్తారు. ఆ రోజు నుంచే మైల, ఆ రోజు నుంచే పది రోజుల కర్మ. ఆ రోజు నుంచే అతని భార్య విధవ. నాన్నగారు తన జీవితంలో మూడుసార్లు చేయించారట అలాంటిది.

"మరి ఆ మనిషి బతికుంటే?"

"బతికున్నోడికి చేస్తే ఆయుష్షు తరిగిపోతుందంటారు. చేసేక తిరిగొచ్చాడనుకో, వాణ్ణి మళ్ళీ పుట్టించాలి. పురిటిస్నానం దగ్గర్నించీ అన్నీ చెయ్యాలి. నాకెప్పుడూ ఆ పని పడలేదు. ఎవడూ తిరిగి రాలేదు. వద్దని చెప్పీరా. కొరివితో తల గోక్కుంటావెందుకు?" అన్నారు.

నాకు చిరాకేసింది. ఏ పని వద్దని ఇంట్లోంచి పారిపోయానో అది పోస్టులో వెతుక్కుంటూ వచ్చిందన్నమాట. చిరాకుతో పాటు భయం కూడా వేసింది. కానీ అప్పటికే వాళ్ళు పంపిన ఫొటోలు బల్ల మీద పరిచేసి ఉన్నాయి. నా చెయ్యి ఊరుకోదు.

ఫొటోల్లో ఆయన ప్రతిదాన్లోనూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. చెవుల మీద హెడ్‌ఫోన్లు. మొహం అంతుపట్టలేదు. అన్నదమ్ములది ఒకే పోలికని విని, అన్న మొహం కొలుచుకుందామని కళింగపట్నం బస్సెక్కాను. తుఫాను హెచ్చరిక ఉంది. పడవలన్నీ ఒడ్డుకి లాగేసి తాళ్ళతో కట్టేశారు. ఎండబెట్టిన చేపలు ఎత్తేసినా వాసన ఇసకని వదల్లేదు. వంశధార నీళ్ళు ఎర్రగా వచ్చి సముద్రంలో కలుస్తున్న చోట, గట్టు మీద నిలబెట్టి, ఆయన ముక్కునీ గెడ్డాన్నీ డివైడరుతో కొలిచాను. యాభై అయిదేళ్ళ మనిషి చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు. అక్కడే అసలు సంగతి చెప్పాడు.

"మా మరదలు ఒప్పుకోటం లేదు మాస్టారూ. గడ్డిబొమ్మ నా మొగుడెలగవుతాడని అడగతాది. ఆయన్ని ఆయన కుర్సీలో కూకోబెట్టి నాకు సూపించండి, ఆయనేనని నా నోటితో నానంటే అప్పుడు కాల్సుకోండి అన్నాది. పెద్దల ముందర అన్నాది. ఎవలికీ సేతకాదనుకుని అన్నాది గావాల."

"ఆవిడకి ఇష్టం లేనప్పుడు మానెయ్యొచ్చు కదండీ."

"మానేత్తే మా తమ్ముడు గతేటి? పన్నెండేళ్ళయినాది, సుక్క నీళ్ళు ఇడిసినోళ్ళు లేరు. కల్లోకొచ్చి దాహం, దాహం అంటాడు మాస్టారూ. తెల్లారితే నాకు నీళ్ళు గొంతు దిగవు." ఆయన ఏడ్చాడు. ఆ ఏడుపులో నటన ఏమీ లేదు. అదే నన్ను తప్పుదోవ పట్టించింది. ఇది మంచి పనేననుకున్నాను.

అంటే నేను చేసేది అచ్చం ఆ తమ్ముడిలా ఉంటే ఆవిడ విధవ అవుతుంది. కొంచెం తేడాగా ఉంటే అవదు. ఇది నాకు ఆ గట్టు మీదే స్పష్టంగా తెలుసు. తెలియలేదని తరవాత ఎవరితోనూ అనలేదు, ఇప్పుడూ అనను.

వాళ్ళింటికి వెళ్ళేసరికి ఆవిడ పెరట్లో చేటతో మినుములు చెరుగుతోంది. నలభై దాటి ఉంటాయి. పావలా కాసంత బొట్టు, కాలికి మట్టెలు. నేనడిగినవాటికి చేట ఆపకుండానే జవాబిచ్చింది. మెడ కొంచెం ఎడమకి వాలుస్తారు. కూర్చుంటే వీపు ఆనించరు. బూటు లేసు ఎప్పుడూ ఒకటి ఊడిపోయే ఉంటాది. నేను రాసుకుంటున్నాను. పుస్తకం మూసేశాక ఆవిడే అంది.

"వాచీ కుడిసేతికి ఎట్టుకుంటారు."

"సరేనమ్మా."

"కుడిసేతికే. రాసుకోండి బాబూ."

రాసుకున్నాను. అప్పుడు చేట ఆపి నా మొహంలోకి చూసింది. "మీకు ఒక్క తప్పయినా రాదంట గదా, మా బావగారు సెప్పినారు. నిజివేనా?"

"రాదమ్మా" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ బొమ్మకి నెల పట్టింది. కూర్చున్న మనిషి, నా బొటనవేలంత. తీగతో ఎముకలు, దాని మీద గట్టిపడే పుట్టీ ముద్ద, ముద్ద మీద సూదితో చొక్కా మడతలు. మొహం కుదిరిన రోజు నుంచి గదిలో ఇంకో మనిషి ఉన్నట్టే ఉండేది. నేనలాంటివి నమ్మను. నమ్మకపోయినా, భోజనానికి లేచేటప్పుడు దాన్ని స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగించడం మొదలుపెట్టాను. దక్షిణానికి తల ఉండేలా పెట్టొద్దన్నారు నాన్నగారు. నవ్వేసి, ఆయన అటు తిరగ్గానే డబ్బాని తిప్పి పెట్టాను. రోజూ పొద్దున్నే ఆయన అడిగేది ఒకటే, "కళ్ళు పెట్టేశావా?" అని. లేదనగానే ఊపిరి వదిలేవారు. తుఫాను తీరం దాటి వెళ్ళిపోయింది గానీ మబ్బు వీడలేదు. పగలే దీపం వేసుకుని పని చేసేవాణ్ణి.

వాచీ దగ్గర ఆగాను. ఈ కొలతలో వాచీ అంటే ఆవగింజలో సగం. దాని పట్టీ రంగు కోసం ఫొటోలు భూతద్దం కింద పెడితే, ఆరు ఫొటోల్లో అది ఎడమచేతికి ఉంది. ఒక్కదాన్లోనే కుడిచేతికి. ఆ ఒక్కటీ ఆయన ఫోన్లో తనే తీసుకున్నది. పరీక్షగా చూస్తే టోపీ మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి, అద్దంలో చూసినట్టు. నాకు భలే సంతోషమేసింది. పాపం, ఆవిడ ఇన్నేళ్ళూ ఈ ఒక్క ఫొటోనే చూసుకుంటూ పొరబడిందన్నమాట!

నా తెలివిని నాన్నగారికి చెప్పుకున్నాను.

"కుడిచెయ్యని ఎన్నిసార్లు చెప్పింది?" అన్నారాయన.

"రెండుసార్లు."

"నువ్వడిగితే చెప్పిందా, అడక్కుండా చెప్పిందా?"

"అడక్కుండానే."

"అయితే కుడిచేతికే పెట్టు."

"అది తప్పు కదా నాన్నా."

"తప్పేరా. ఆ తప్పు పెట్టు."

నేను వాదించాను. ఫొటో సాక్ష్యం గురించి ఉపన్యాసమిచ్చాను. ఒక్క తప్పు ఒప్పుకుంటే ఇన్నేళ్ళ నా పనికి అర్థమేమిటన్నాను. చూపులేని మనిషికి సన్నపని గురించి ఏం తెలుస్తుందని కూడా అనేశాను. నాన్నగారు "నీ ఇష్టం" అని కిటికీ వైపు తిరిగిపోయారు. నేను ఆ ఆవగింజ సగాన్ని పట్టకారుతో ఎత్తి ఎడమచేతికి అతికించాను. బొమ్మని ఇంకో సీటులో కూర్చోబెట్టి, పట్టీలు బిగించి, చివర మెలివేసి, ఆఖరున కళ్ళు పెట్టాను.

కార్తీకమాసంలో, వాళ్ళు చెప్పిన రోజు పట్టుకెళ్ళాను. నడవాలో చాప మీద ఊరి పెద్దలు నలుగురు, పంచాంగం పట్టుకుని ఒక పురోహితుడు. గోడకి ఆనించి మోదుగ కాడల కట్ట ఉంది. లెక్కపెట్టి కట్టిందేనని చూడగానే తెలిసింది. దాని పక్కన పీచు తియ్యని కొబ్బరికాయ. నన్ను కూర్చోమన్నారు. ఎవరూ మంచినీళ్ళు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే పద్ధతని, ఆ ఇంట్లో అప్పటికే ఆ పని మొదలైపోయిందని నాకు అర్థమైంది.

ఆవిడ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. డబ్బా మూత తీశాను.

ఆవిడ వంగి చూసింది. నేను చూస్తూనే ఉన్నాను. ముందు ఒక్క క్షణం ఆవిడ మొహం విచ్చుకుంది. గుమ్మంలోకి మనిషి వచ్చినప్పుడు విచ్చుకున్నట్టే. వేలు ముందుకొచ్చింది, చొక్కా కాలరు సర్దబోయినట్టు. మధ్యలో ఆగి, ఆ వేలు వెనక్కి తీసుకుంది. బొమ్మ చేతుల వైపు చూసింది. తలెత్తి, అందరికీ వినపడేలా అంది.

"కాదు. ఈయన కాదు. ఆయన వాచీ కుడిసేతికుంటాది. నాను సెప్పినాను గదా బాబూ."

అన్నగారు కూలబడిపోయాడు. పెద్దల్లో ఒకాయన "ఇంత సేసీసి..." అని నసిగాడు. పురోహితుడు పంచాంగం మూశాడు. ఆ క్షణంలో నేను చెయ్యవలసిందల్లా ఊరుకోవడం. పొరపాటైందమ్మా అంటే చాలు. ఆ మూడు వందల అరవై కాడలూ ఎండి పొయ్యిలోకి పోయేవి.

నేను సంచీ తెరిచాను. ఫొటోలు వరసగా అమర్చుకునే తెచ్చాను, భూతద్దంతో సహా. ఆరు ఫొటోలూ చాప మీద పేర్చాను. ఏడోది పక్కన పెట్టి, టోపీ మీద అక్షరాలు చూపించాను. ఫోను ఫొటోని ఎలా తిప్పేస్తుందో చెప్పాను. చాలా బాగా చెప్పాను. పెద్దలు ఒకరి తరవాత ఒకరు వంగి భూతద్దంలోంచి చూశారు. "అవునర్రా, ఎడంసేతికే. నాకూ ఇప్పుడు గేపకమొత్తంది" అన్నాడు అన్నగారు.

ఆవిడ ఫొటోల వైపు చూడలేదు. నా వైపు చూసింది. కోపంగా కాదు. తెలిసిన మనిషి తనని పట్టించేసినప్పుడు చూసే చూపు. అప్పుడర్థమైంది నాకు, నాన్నగారు ఎన్నిసార్లు చెప్పిందని ఎందుకడిగారో. ఆవిడ ఏమీ పొరబడలేదు. పదేళ్ళు కాపురం చేసిన మనిషి వాచీ ఏ చేతికి పెట్టుకునేవాడో ఆవిడకి తెలియక కాదు. తను బతికి బయటపడడానికి ఒక్క సందు ఉంచుకుని, అది నా పుస్తకంలో రాయించింది. నేను దాన్ని సరిదిద్దాను.

"మీకు తప్పు రాదన్నారు గదా" అంది ఆవిడ. తరవాత చాలా మెల్లగా, "ఆయనే" అంది.

నేను ఉండలేదు. దర్భ మనిషి గుండెల మీద నా బొమ్మని పెట్టి కాలుస్తారని వింటూనే బయటికొచ్చేశాను. బస్సు కోసం రోడ్డు మీద నిలబడితే ఏటి ఒడ్డు వైపు పొగ లేచింది. ఎండుగడ్డి పొగ తెల్లగా ఉంటుంది. అందులో సన్నగా ఒక నల్ల పోగు కనపడింది. ముద్దా రంగూ కాలితే అలాగే వస్తుంది. అప్పుడే గుర్తొచ్చింది, ఆయన నడుముపట్టీకి నేను వేసింది ఒంటిపోచ ముడని. ఆవిడ ఒప్పుకోకముందే, పురోహితుడు రాకముందే, నా బల్ల మీద నేనే ఆ మనిషిని చచ్చినవాళ్ళలో కలిపేశాను.

ఇంటికొచ్చేసరికి నాన్నగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా అడుగుల చప్పుడు విని, "ఏ చేతికి?" అన్నారు.

"ఎడమ చేతికే."

ఆయన తిట్టలేదు. గోడ పట్టుకుని వెళ్ళి, తడుముకుంటూ చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం బయట పెట్టారు. "స్నానం చేసి లోపలికి రా" అన్నారు. శ్మశానం నుంచి వచ్చినవాళ్ళతో అనేమాట అది. యాభై ఏళ్ళు మా అమ్మ ఆయనతో అన్న మాట. నేను ఆ గుమ్మం బయట నిలబడి ఏడ్చాను.

తరవాత నెలా నెలన్నర పని ముట్టుకోలేదు. పాత ఆర్డర్ల పట్టీలు ఎక్కడెక్కడికి పంపానో తల్చుకుంటూ కూర్చునేవాణ్ణి. ఎన్ని గాజు బీరువాల్లో ఎన్ని సీట్లు, అన్నిటికీ ఆ ముడే. పుష్యమాసంలో ఒక సాయంత్రం ఫోను మోగింది. అన్నగారి నంబరే, మాట మాత్రం ఆవిడది.

"కుర్సీ ఒకటి కావాలి బాబూ. ముందర పంపినారే, అలాటిది. అది కూడా వాళ్ళు అగ్గిలో ఏసీసినారు."

"చేస్తానమ్మా" అన్నాను. "మనిషి..."

"మనిసొద్దు. ఖాళీ కుర్సీ."

"పట్టీలు?"

"పట్టీలు ఇప్పీసి ఉండాల. ఆయన సేత్తో ఆయనే ఇప్పుకుని, లేసెళ్ళిపోయినట్టు."

విప్పేసిన పట్టీకి ముడి అక్కర్లేదు. ఆ ఒక్కటీ తోచింది నాకు. సరేనమ్మా, వారంలో పంపుతానన్నాను. ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. వెనక సముద్రమో గాలో హోరు వినిపిస్తోంది.

"ఈపాలి నాను సెప్పినట్టే సెయ్యండి బాబూ" అంది. "ఫొటోలు సూడకండి."